సబ్బు కొనేవారి సందేహములు – వాటి వెనుకనున్న చరిత్ర

చేతితో చేసిన సబ్బులు అమ్మేవారి దగ్గర ఒక గంటసేపు నిలబడి వింటే, కొనేవారు అడిగే ప్రశ్నలన్నీ అయిదారింటికి మించవని తెలుస్తుంది. అది డ్వాక్రా బజారు కావచ్చు, ఖాదీ భండారు కావచ్చు, హైదరాబాదు నుమాయిష్ కావచ్చు. ప్రశ్నలు మాత్రము ఇవే. “ఇందులో కాస్టిక్ సోడా వేశారా?” “నురుగు ఇంత తక్కువగా వస్తున్నదేమి?” “జంతువుల కొవ్వు కలిపారా?” “నాలుగు రోజులకే మెత్తబడి కరిగిపోతున్నదేమి?” “కంపెనీ సబ్బు కంటె ధర ఎక్కువెందుకు?”

ఇవి తెలివితక్కువ ప్రశ్నలు కావు. రోజూ ఒంటికి రుద్దుకొనే వస్తువును గురించి ఎవరైనా అడగవలసినవే. అయితే అడిగేవారికి సబ్బు ఎట్లా తయారవుతుందో తెలియదు. అమ్మేవారిలో కూడ కొందరికి పూర్తిగా తెలియదు. ఈ తెలియనితనము వలన ఒక అన్యాయము జరుగుతున్నది. “అవునమ్మా, కాస్టిక్ సోడా వేయనిదే సబ్బు కాదు” అని ఉన్నమాట చెప్పిన సంఘము మహిళ బేరము పోగొట్టుకొంటున్నది. “మా సబ్బులో రసాయనములే లేవు” అని చెప్పిన పక్క దుకాణము వారి సరకు అమ్ముడుపోతున్నది. ఈ సందేహములు ఎక్కడ పుట్టినవో, గడచిన కాలములో వాటికి జవాబు ఎట్లా దొరికినదో తెలుసుకొంటే ఇద్దరికీ మేలు.

నురుగు సంగతి

ముందు నురుగును గురించి చెప్పుకొందాము. మన తెలుగు ఇళ్ళలో సబ్బు అడుగుపెట్టక పూర్వము తలకు కుంకుడుకాయ, శీకాయ, ఒంటికి సున్నిపిండి, బట్టలకు చౌడుమన్ను వాడేవారు. వీటిలో ఏదీ సబ్బు కాదు. కుంకుడుకాయలో సపోనిన్లు అనే పదార్థములు ఉన్నవి. అవి నీటి తలతన్యతను తగ్గించి, నురుగునిచ్చి, మురికిని వదిలిస్తవి. చౌడుమన్నులో నురుగే లేదు. అందులో ఉండే సోడా లవణములు నీటిలో కరిగి జిడ్డును విడదీస్తవి. సున్నిపిండిలోనూ నురుగు లేదు. దానిలోని పప్పుల పిండి ఒంటికి రాసిన నూనెను పీల్చి తనతో తీసుకొని పోతుంది.

అంటే నురుగు లేకుండానే శుభ్రము చేసుకొనే పద్ధతులు మన పెద్దలకు తెలుసు. నురుగే శుభ్రతకు గుర్తు అనే నమ్మకము సబ్బు ప్రకటనలతో పాటు వచ్చి బలపడినది. నిజానికి సబ్బులో నురుగు ఎంత వచ్చేదీ అందులో ఏ నూనె వాడినారన్న దానిపై ఆధారపడుతుంది. కొబ్బరినూనెలో దాదాపు సగము లారిక్ ఆమ్లము. దానితో చేసిన సబ్బు పెద్ద పెద్ద బుడగలతో గబగబ నురుగునిస్తుంది. ఉప్పునీటిలో కూడ నురుగు తెస్తుంది గనుక ఓడలమీద పనిచేసేవారి కొరకు చేసే సబ్బుకు కొబ్బరినూనెనే వాడేవారు. ఆలివ్ నూనె సబ్బు నురుగు తక్కువ, నెమ్మదిగా వస్తుంది. అయినా మధ్యధరా తీరములోని వారు వందల ఏళ్ళుగా దానితోనే స్నానము చేస్తున్నారు.

ఇక నీటి సంగతి ఉండనే ఉన్నది. బోరునీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు ఎక్కువగా ఉంటే, అవి సబ్బుతో కలిసి కరగని తెల్లని తెట్టుగా మారుతవి. ఆ లవణములు ఖర్చు అయ్యేవరకు నురుగు రాదు. ఒకే సబ్బు ముక్కను వాననీటిలో ఒకసారి, బోరునీటిలో ఒకసారి రుద్ది చూపిస్తే, తప్పు సబ్బుది కాదని, నీటిదని కొనేవారికి కళ్ళముందే తెలుస్తుంది.

కాస్టిక్ సోడా భయము

అన్నిటికంటె బలమైన సందేహము ఇది. దీని చరిత్ర కూడ పెద్దదే.

క్రీ.శ. 1వ శతాబ్దములో రోమను రచయిత ప్లినీ తన ప్రకృతి గ్రంథములో సబ్బు మాట ఎత్తినాడు. కొవ్వునూ బూడిదనూ కలిపి గాల్ దేశస్థులు దీనిని చేస్తారని, జుట్టుకు ఎర్రని ఛాయ తెచ్చుకొనడానికి వాడతారని అతడు వ్రాసినాడు. ఆయన వాడిన లాటిను మాట సాపో. అరబ్బీలో సాబూన్, పోర్చుగీసులో సబావ్, మన సబ్బు, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మాటలు.

కొవ్వు, బూడిద అన్న ఈ రెండు మాటలలోనే సబ్బు రసాయనశాస్త్రము అంతా ఉన్నది. కట్టెల బూడిదను నీటిలో నానబెట్టి వడగడితే పొటాషు గల క్షారజలము వస్తుంది. దానికి సున్నము చేర్చితే క్షారము మరింత ఘాటవుతుంది. దానిలో కొవ్వును ఉడికిస్తే మెత్తని సబ్బు తయారవుతుంది. సముద్రతీరపు మొక్కల బూడిదలో సోడా ఎక్కువ గనుక దానితో చేస్తే సబ్బు గట్టిపడుతుంది. అయితే ఏ బూడిదలో ఎంత క్షారము ఉన్నదో కొలిచే సాధనము ఆ కాలపువారికి లేదు. అమెరికాలో ఇంటింటా సబ్బు కాచుకొన్న రోజులలో ఆడవారు క్షారజలములో కోడిగ్రుడ్డును వేసి చూసేవారు. అది తేలి, పైన నాణెమంత మేర కనిపిస్తే ఘాటు సరిపోయినదని లెక్క. ఈ లెక్క అంత నమ్మదగినది కాదు. క్షారము ఎక్కువైన సబ్బు చేతులను కాల్చేది. తక్కువైతే సబ్బు జిడ్డుగా మిగిలిపోయేది. “ఇంటి సబ్బు ఒంటిని కాలుస్తుంది” అనే భయమునకు మూలము ఇక్కడ ఉన్నది. ఆనాడు ఆ భయము న్యాయమైనదే.

దానిని తొలగించినవి రెండు సంగతులు. మొదటిది, సోడా తయారీ. 1775లో ఫ్రెంచి సైన్సు అకాడమీ మామూలు ఉప్పునుండి సోడా తయారుచేసే పద్ధతికి బహుమతి ప్రకటించినది. నికొలా లెబ్లాంక్ ఆ పద్ధతిని కనిపెట్టి 1791లో పేటెంటు పొందినాడు. విప్లవ ప్రభుత్వము ఆయన కర్మాగారమును స్వాధీనము చేసుకొన్నది. బహుమతి ఆయనకు దక్కలేదు. 1806లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నాడు. ఆయన పద్ధతి మాత్రము ఐరోపా అంతటా వ్యాపించినది. బూడిదకు బదులు ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే సోడా సబ్బు చేసేవారికి దొరికినది.

రెండవది, జ్ఞానము. ఫ్రాన్సులో మిషెల్ యూజీన్ షెవ్రోల్ 1811లో సబ్బును పరిశోధించడము మొదలుపెట్టి, 1823లో కొవ్వులపై తన గ్రంథమును ప్రకటించినాడు. అంతకు ముందు కొవ్వు, క్షారము ఊరకే కలిసిపోయి సబ్బు అవుతుందనుకొనేవారు. అట్లా కాదని షెవ్రోల్ చూపించినాడు. కొవ్వు అనేది కొన్ని ఆమ్లములు, గ్లిసరిన్ కలిసి ఏర్పడిన పదార్థము. క్షారము దానిని విడగొట్టి, ఆ ఆమ్లములతో తాను కలిసి లవణముగా మారుతుంది. ఆ లవణమే సబ్బు. గ్లిసరిన్ విడిగా మిగులుతుంది. ఈ మార్పునే సపోనిఫికేషన్ అంటారు. షెవ్రోల్ 102 సంవత్సరములు జీవించి, తన పరిశోధన ఫలితముగా ఒక పెద్ద పరిశ్రమ పెరగడము కళ్ళారా చూసినాడు.

కొనేవారికి చెప్పవలసిన జవాబు ఇందులోనే ఉన్నది. కాస్టిక్ సోడా వేయని సబ్బు లేదు. కంపెనీ సబ్బైనా, చేతి సబ్బైనా, పసిపిల్లల సబ్బైనా ఏదో ఒక క్షారముతో చేసినదే. కాని సరిగా చేసిన సబ్బులో కాస్టిక్ సోడా మిగలదు. సోడియము నీటిలో పడితే మండే లోహము. క్లోరిన్ ఊపిరాడనీయని విషవాయువు. రెండూ కలిస్తే మనము పప్పులో వేసుకొనే ఉప్పు. ఉప్పు తినేటప్పుడు క్లోరిన్ తింటున్నామని ఎవరూ భయపడరు గదా!

ఎంత క్షారము వేయవలెనన్నది ఇప్పుడు గ్రుడ్డు తేల్చి చూసే విషయము కాదు. తూకము వేసే విషయము. ఒక కిలో కొబ్బరినూనెకు సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా కావలెను. నువ్వులనూనెకు సుమారు 135 గ్రాములు, ఆముదమునకు సుమారు 128 గ్రాములు చాలును. జాగ్రత్తగల తయారీదారు లెక్కకు వచ్చినదానికంటె నూటికి 5 పాళ్ళు తగ్గించి వేస్తాడు. అప్పుడు క్షారము పూర్తిగా ఖర్చై, కొంచెము నూనె మిగిలి ఉంటుంది. అచ్చు పోసిన సబ్బును నాలుగైదు వారములు ఆరబెడతారు. ఆ ఆరుదలలో నీరు పోయి ముక్క గట్టిపడుతుంది. ధర ఎక్కువ కావడానికి ఈ నిరీక్షణ కూడ ఒక కారణము.

ఇక్కడ పసుపు సంగతి చెప్పక తప్పదు. చేతి సబ్బును పసుపుమీద రుద్ది, ఎర్రబడగానే “ఇదుగో, సోడా ఉన్నది” అని వాదించేవారు ఉన్నారు. పసుపు క్షారములో ఎర్రబడుతుందన్న మాట నిజమే. కాని సబ్బు అనేది స్వభావము చేతనే కొద్దిపాటి క్షారగుణము కలది. దాని ద్రావణము పి.హెచ్. సాధారణముగా 9, 10 మధ్య ఉంటుంది. పసుపు మరక పడ్డ చీరను ఏ సబ్బుతో ఉతికినా మరక ఎర్రబడడము ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందువలన ఈ పరీక్షను చేతి సబ్బుకూ కంపెనీ సబ్బుకూ పక్కపక్కన చేసి చూపవలెను. రెండూ ఎర్రబడినవంటే వాదము అక్కడితో తీరుతుంది. కాస్టిక్ సోడా నిజముగా మిగిలి ఉన్నదా అని తేల్చవలెనంటే, సబ్బును ఆల్కహాలులో కరిగించి ఫినాప్తలీన్ చుక్క వేయవలెను. ఆల్కహాలులో మంచి సబ్బు దానికి రంగునివ్వదు. కాస్టిక్ సోడా మిగిలి ఉంటే గులాబిరంగు వస్తుంది.

కంటికి కనబడని కల్తీ

కొనేవాడు సబ్బులో చూడగలిగినవి రంగు, వాసన, బరువు. అతడు చూడలేనిది లోపల ఏ నూనె ఎంత ఉన్నదన్నది. మోసము ఎప్పుడూ ఈ చీకటిలోనే జరిగినది.

ఫ్రాన్సులో మార్సెయి పట్టణము ఆలివ్ నూనె సబ్బుకు పేరుపొందినది. ఆ పేరు చాటున చౌకరకపు కొవ్వులు కలిపేవారు బయలుదేరినారు. 1688లో పధ్నాలుగవ లూయీ ప్రభుత్వము ఒక శాసనము చేసినది. స్వచ్ఛమైన ఆలివ్ నూనె తప్ప మరి ఏ కొవ్వూ కలపరాదు. కలిపితే సరకు జప్తు. వేసవిలో జూన్, జూలై, ఆగస్టు నెలలలో సబ్బు కాచరాదు. సబ్బు కొనేవారిని చట్టము కాపాడిన తొలి సందర్భములలో ఇది ఒకటి.

ఇంగ్లండులో ప్రభుత్వము దృష్టి పన్నుమీద ఉండెను. 1712లో సబ్బుపై పన్ను వేసినారు. 1816 నాటికి అది పౌనుకు 3 పెన్నీలకు పెరిగినది. దొంగచాటుగా కాచకుండా రాత్రివేళ సబ్బు బానల మూతలకు పన్ను అధికారులు తాళములు వేసేవారు. పేదవారికి సబ్బు అందని వస్తువైనది. 1853లో గ్లాడ్‌స్టన్ ఆ పన్నును ఎత్తివేసినాడు.

అప్పటికి సబ్బు పేరులేని సరకు. అంగడివాడు పొడుగాటి కడ్డీనుండి ముక్క కోసి తూచి ఇచ్చేవాడు. బరువు పెంచడానికి సోడియము సిలికేటు, బలపపు రాతిపొడి వంటివి అందులో కలపడము కూడ జరిగేది. మంచిదా కాదా అన్నదానికి అంగడివాని మాటే ప్రమాణము. 1884లో విలియం లీవర్ ‘సన్‌లైట్’ అనే పేరును నమోదు చేయించి, బిళ్ళలుగా చేసి, పేరు ముద్ర వేసి, కాగితము చుట్టి అమ్మినాడు. కల్తీ ఉన్నదని రుజువు చేసినవారికి 1000 పౌన్లు ఇస్తామని పొట్లముమీద అచ్చువేయించినాడు. నాటినుండి అంగడివాని మాట స్థానములో పొట్లముమీది మాట వచ్చినది. కొనేవారికి ఒక విధముగా ఇది మేలే. కాని పొట్లము ఎదురుప్రశ్నకు జవాబు చెప్పదు. ఏది చెప్పదలచుకొంటే అది మాత్రమే చెబుతుంది. సబ్బును గురించి జనమునకు తెలిసినదంతా క్రమముగా ప్రకటనలనుండి తెలిసినదే అయినది.

కొవ్వు ఎక్కడిది?

1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగినది. ఐరోపా సబ్బులలో పశువుల కొవ్వు వాడడము సామాన్యము. ఏ జంతువు కొవ్వో తెలియని వస్తువును తాకడానికి మన దేశములో చాలామంది సందేహించినారు. “జంతువుల కొవ్వు కలిపారా?” అనే ప్రశ్న నాటినుండి నేటిదాకా వస్తున్నది. దీనిని మూఢనమ్మకమని త్రోసివేయడానికి వీలులేదు. తన ఆచారమునకు విరుద్ధమైనది తెలియకుండా వాడవలసి వస్తుందేమోనన్న జాగ్రత్త అది.

దీనికి జవాబు స్వదేశీ పరిశ్రమ ఇచ్చినది. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ, మలబారు అన్నీ మద్రాసు రాజధానిలో ఉన్న రోజులలో, సర్ ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో 1914లో కాలికట్టులో ప్రభుత్వ సబ్బు సంస్థ ఏర్పడినది. 1916లో కలకత్తాలో ఖగేంద్రచంద్ర దాసు మిత్రులతో కలిసి కలకత్తా కెమికల్ కంపెనీని స్థాపించినాడు. ఆ కంపెనీ తెచ్చిన ‘మార్గో’ వేపనూనె సబ్బు. మైసూరులో విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్నప్పుడు చందనతైల పరిశ్రమ మొదలై, దాని వెంట ప్రభుత్వ సబ్బు కర్మాగారము వచ్చినది. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన రోజులలో వృక్షతైలములతోనే స్నానపు సబ్బు చేసి అమ్మినాడు.

వేప సబ్బు సంగతి ప్రత్యేకముగా గమనించదగినది. వేపనూనె వాసన ఘాటు, రంగు ముదురు. అత్తరు వాసన, లేతరంగు చూసి కొనేవారికి అది నచ్చే వస్తువు కాదు. అయినా వేప మనకు పరిచయమైన చెట్టు గనుక, ఆ చేదువాసనే నమ్మకమునకు గుర్తైనది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1953లో అఖిలభారత ఖాదీ గ్రామపరిశ్రమల బోర్డు, 1957లో ఖాదీ గ్రామపరిశ్రమల కమిషన్ ఏర్పడినవి. వేప మొదలైన తినడానికి పనికిరాని నూనెలతో సబ్బు చేయడము గ్రామపరిశ్రమలలో ఒకటైనది. ఈనాడు పొదుపు సంఘములవారు చేసే చేతి సబ్బుకు ఈ ప్రయత్నములే పూర్వరంగము.

గ్లిసరిన్ పోయిన దారి

ఇక మెత్తబడి కరిగిపోవడమును గురించిన ఫిర్యాదు. నూనె సబ్బుగా మారినప్పుడు, నూనె బరువులో సుమారు పదోవంతు గ్లిసరిన్ పుడుతుంది. దీనిని 1779లోనే స్వీడను శాస్త్రజ్ఞుడు షీలే ఆలివ్ నూనెనుండి వేరుచేసినాడు. చాలాకాలము అది వృథాగా పోయేది. 1847లో సొబ్రెరో దానినుండి నైట్రోగ్లిసరిన్ చేసినాడు. 1867లో నోబెల్ డైనమైటుకు పేటెంటు పొందినాడు. దానితో గ్లిసరిన్‌కు గిరాకీ పెరిగినది. కర్మాగారములలో ఉడికిన సబ్బులో ఉప్పు వేసి సబ్బును పైకి తేల్చి, అడుగు నీటినుండి గ్లిసరిన్‌ను తీసి వేరే అమ్ముతారు.

చేతితో, పెద్దగా వేడిచేయకుండా చేసే సబ్బులో గ్లిసరిన్ అట్లాగే ఉండిపోతుంది. అది గాలిలోని తేమను లాగుకొనే గుణము కలది. అందుకే ఆ సబ్బు చర్మమునకు హాయిగా ఉంటుంది, నీరు నిలిచే పెట్టెలో పెడితే మెత్తబడుతుంది. ఈ రెండూ ఒకే గుణము ఫలితములు. నీరు జారిపోయే పెట్టెలో పెట్టుకోమని ముందుగానే చెబితే, కొన్నవారు తరువాత వచ్చి కోపగించుకొనరు.

అమ్మేవారి బాధ్యత

సందేహములు తీర్చవలసిన అమ్మకందారులే పొరపాటు మాటలు ప్రచారము చేయడము కూడ ఉన్నది. రోము దగ్గర సాపో అనే కొండమీద బలి ఇచ్చిన జంతువుల కొవ్వు, బూడిద వానకు కొట్టుకొనివచ్చి నదిలో కలిసినవని, అట్లా సబ్బు పుట్టినదని ఒక కథ సబ్బు పొట్లములమీద కనిపిస్తుంది. అటువంటి కొండ పేరు ప్రాచీన గ్రంథములలో లేదు. “రసాయనములు లేని సబ్బు” అనే మాటా ఇటువంటిదే. నీరు రసాయన పదార్థము, కొబ్బరినూనె రసాయన పదార్థము, సబ్బు రసాయన చర్య ఫలితము. చర్మవ్యాధులు నయమవుతవని చెప్పడము ఇంకా ప్రమాదము. వ్యాధిని నయము చేస్తుందని చెప్పిన వస్తువు చట్టము దృష్టిలో మందు అవుతుంది. 1940 నాటి ఔషధ, సౌందర్యద్రవ్యముల చట్టమునకు 1982లో సవరణ జరిగినప్పటినుండి సబ్బు సౌందర్యద్రవ్యములలో చేరినది.

పొట్లము చదవడము కొనేవారూ నేర్చుకోవలెను. భారత ప్రమాణముల ప్రకారము స్నానపు సబ్బులో మొత్తము కొవ్వుపదార్థము మొదటి తరగతిలో నూటికి 76, రెండవ తరగతిలో 70, మూడవ తరగతిలో 60 పాళ్ళకు తగ్గరాదు. పొట్లముమీద టి.ఎఫ్.ఎమ్. అని వ్రాసేది ఈ అంకెనే. ‘బేతింగ్ బార్’ అని వ్రాసినదానికి ప్రమాణము వేరు, అందులో 40 పాళ్ళు ఉంటే చాలును. ఈ అంకెను తేల్చడానికి సబ్బును ఆమ్లముతో విడగొట్టి, పైకి తేలిన కొవ్వు ఆమ్లములను తూస్తారు. ఇది రెండువందల ఏళ్ళనాడు షెవ్రోల్ నడచిన దారియే.

ఈ విషయములను పాఠశాలలో చెప్పడానికి పెద్ద ప్రయోగశాల అవసరము లేదు. వాననీరు, బోరునీరు, పసుపు కాగితము, రెండు మూడు రకముల సబ్బు ముక్కలు చాలును. సబ్బు తయారుచేసి చూపదలచిన ఉపాధ్యాయులు కాస్టిక్ సోడాను తామే తూచవలెను. కళ్ళజోడు, చేతితొడుగులు ధరించవలెను. సోడాను నీటిలో వేయవలెనే గాని నీటిని సోడామీద ఎన్నడూ పోయరాదు. అల్యూమినియము గిన్నె వాడరాదు. విద్యార్థులు దూరమునుండి చూస్తే చాలును.

ఇంటికి వెళ్ళిన విద్యార్థి తల్లికి పసుపు పరీక్ష చేసి చూపిస్తాడు. ఆ తల్లి రేపు బజారులో “ఇందులో కాస్టిక్ సోడా వేశారా?” అని అడగదు. “ఏ నూనె వాడినారమ్మా? ఎన్ని వారములు ఆరబెట్టినారు? లైసెన్సు ఉన్నదా?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు నిజము చెప్పగల అమ్మకందారుకు బేరము పోదు.